సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు: హన్మకొండలో మా అంబాసిడర్‌తో నా అనుభవం

పాత కారు ఇంజన్ దించి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, బాడీకి రంగు కొట్టించి, వైరింగంతా మార్చాక అది మొదటిసారి స్టార్ట్ కాకపోతే చాలామంది పాత సామానునే అనుమానిస్తారు. నా అనుభవంలో మాత్రం లోపాలన్నీ కొత్తగా చేయించిన వాటిలోనే దొరికాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బండి ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

మాది మార్క్ 3 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా వచ్చిన కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా చేశారు. మా బాపు నడిపిన బండి. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ అందులోనే పోయేవాళ్లం. చాలా ఏళ్లు షెడ్డులో నిలబడిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలన్నది నా పట్టుదల. సామాను కొంత వరంగల్‌లో దొరికింది, మిగతాదానికి సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలు తిరిగాను.

ఇంజన్ ఎక్కించాక ముందు ప్లగ్గులు నాలుగూ తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఉత్తగా తిప్పాం. అది బాగానే వచ్చింది. ప్లగ్గులు బిగించి, చోక్ లాగి సెల్ఫ్ కొడితే బరువుగా, ఆగి ఆగి తిరిగింది. బ్యాటరీ కొత్తది, పూర్తిగా చార్జి అయి ఉంది. ఇంజన్ కొత్తగా కట్టారు కాబట్టి టైటుగా ఉందని అందరూ అన్నారు. కానీ చోక్ నాబ్ వెనక్కి నెట్టబోతే కేబుల్ చేతికి చుర్రుమంది. చోక్ కేబుల్ ఎందుకు కాలాలి?

అప్పుడే ఆటోనగర్‌లో ఎన్నో ఏళ్లు అంబాసిడర్ల మీదే పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మేస్త్రీకి ఫోన్ చేశాను. మేం కాకా అంటాం. కేబుల్ సంగతి చెప్పగానే, "ఇంజన్ ఎర్తు చూడు బిడ్డా, కరెంటు తొవ్వ దొరకక ఆ కేబుల్ ఎంబడి పోతాంది" అన్నాడు.

అదే నిజం. ఇంజన్ కింద రబ్బరు మౌంటింగులు ఉంటాయి కాబట్టి బాడీకీ దానికీ మధ్య ఇనుము ఇనుమును తాకదు. కరెంటు తిరిగి పోవడానికి అల్లిన రాగి పట్టీ ఒక్కటే దారి. ఆ పట్టీని రంగు మీదే బిగించేశారు. అద్దంలా మెరిసే మంచి రంగు, కింద ప్రైమరు. రెండూ కరెంటును ఆపేవే. సెల్ఫ్ లాగే అంత కరెంటూ సన్నటి చోక్ కేబుల్ లోంచి పోవాల్సి వచ్చింది. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించాను. అక్కడ అర వోల్టు లోపే చూపించాలి. అంతకంటే చాలా ఎక్కువ చూపించింది. బోల్టు కింద రంగును ఎమరీ కాగితంతో తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి బిగించాక సెల్ఫ్ చురుగ్గా తిరిగింది. రంగు కొట్టించిన బండికి ముందు చూడాల్సింది ఇదేనని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను.

సెల్ఫ్ తిరుగుతోంది సరే, ఇంజన్ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఓ ప్లగ్ తీసి, వైరుకు తగిలించి, బ్లాకుకు ఆనించి చూస్తే నిప్పురవ్వ లేదు. ఇక్కడ చాలామంది చేసే పని కాయిల్ (నిప్పురవ్వ కోసం వోల్టేజీ పెంచేది) మార్చడం, తర్వాత ప్లగ్గులు, తర్వాత డెల్కో, అంటే ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. నాకు అది నచ్చదు. డబ్బు సంగతి అటుంచితే, ఏది మారిస్తే బాగయ్యిందో చివరికి తెలియదు. కరెంటు బ్యాటరీ దగ్గర బయల్దేరి ఎక్కడిదాకా వస్తోందో అడుగడుగునా చూసుకుంటూ పోవాలి. దానికి ఒక 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు చాలు.

కీ ఆన్ చేసి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్ దగ్గర బల్బు పెడితే వెలిగింది. డెల్కో వైపు పోయే టెర్మినల్ దగ్గర పెట్టి, ఇంకొకరితో హ్యాండిల్ నెమ్మదిగా తిప్పించాను. డెల్కో లోపల కరెంటును కలిపి విడదీసే స్విచ్చు లాంటివి పాయింట్లు. అవి విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. అసలు వెలగనే లేదు. డెల్కోకు పోయే వైరు ఊడదీయగానే వెలిగింది. అంటే కాయిల్ బాగానే ఉంది, డెల్కో లోపల ఎక్కడో కరెంటు ఎప్పుడూ ఎర్తు అవుతోంది.

క్యాప్ తీసి టార్చి వేసి చూశాను. పాయింట్ల స్ప్రింగును పట్టి ఉంచే చిన్న పోస్టు ఉంటుంది. ఆ పోస్టు ఎర్తే. దాన్ని స్ప్రింగుకూ, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును తగ్గించేది) వైరుకూ, కాయిల్ వైరుకూ తగలకుండా చూసేది ఒక బుల్లి ప్లాస్టిక్ బుష్. స్ప్రింగు, రెండు వైర్ల కొసలు, మూడూ ఆ బుష్ కాలర్ కిందే ఒకదాని మీద ఒకటి ఉండాలి, నట్టు కాలర్ మీద కూర్చోవాలి. ఎలక్ట్రికల్ పని చేసిన చోట కాయిల్ వైరు కొసను కాలర్ మీద, నట్టు కింద పెట్టారు. పాయింట్లు విడినా కరెంటుకు విడుపు లేదు. చూడ్డానికి అంతా చక్కగా బిగించినట్టే ఉంటుంది, గోరంత తేడా. కొసను కిందికి మార్చి బిగించాను. పనిలో పనిగా కొత్త పాయింట్ల మీది నూనె పొరను పెట్రోల్‌లో ముంచిన తెల్ల గుడ్డతో తుడిచి, పాయింట్లను విడదీసే క్యామ్ ఎత్తు మీద ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ 0.015 అంగుళానికి సరిచేశాను.

నిప్పు వచ్చింది కానీ సన్నగా, పసుప్పచ్చగా. నీలంగా, టక్ టక్ అని వినిపించేలా పడాలి. పైగా పాయింట్ల దగ్గరే ఎక్కువ మెరుపు. ఇది కండెన్సర్ గుర్తు. అదీ కొత్తదే. పాత సామానంతా ఒక పెట్టెలో దాచి ఉంచాను కాబట్టి బండితో వచ్చిన పాత కండెన్సర్ తీసి వేశాను. వెంటనే నిప్పు నీలంగా మారింది. ఇప్పుడు బజార్లో వచ్చే కండెన్సర్లలో నాసిరకం చాలా ఉంది. మీ పాతది పనిచేస్తుంటే పారేయకండి.

ఇక స్టార్ట్ అవుతుందనుకుని సెల్ఫ్ కొడితే కార్బొరేటర్ లోంచి ఢామ్మని పేలి మంట బయటికి కొట్టింది. ఎయిర్ క్లీనర్ విప్పి ఉంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే పెట్టుకున్నాం. అది లేకుండా ఎవరూ మొదటి స్టార్టింగ్‌కు దిగొద్దు. మళ్లీ కొట్టబోతుంటే కాకా, అప్పటికి బండి దగ్గరికే వచ్చాడు, చెయ్యి పట్టి ఆపాడు. "సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకు. కొత్త ఇంజన్. పెట్రోల్ పొయ్యి బోర్ల ఆయిలంత కడిగేస్తది, రింగులు గీరుకుంటయ్."

ఒకటో నంబర్ ప్లగ్, అంటే రేడియేటర్ వైపుది, తీయించాడు. ప్లగ్ రంధ్రం మీద నా బొటనవేలు పెట్టమని, తను హ్యాండిల్ తిప్పాడు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలిని చుట్టకుండా మిగతా వేళ్ల వైపే ఉంచాడు. ఎదురు తన్నితే మణికట్టు విరగకుండా ఉంటుందన్నాడు. నా వేలిని గాలి గట్టిగా నెట్టినప్పుడు కింద పుల్లీ మీది గాటు గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా జరిపి ఆపాడు. ఇప్పుడు ఒకటో సిలిండర్ కాలాల్సిన చోట ఉంది. డెల్కో క్యాప్ తీస్తే రోటర్ (తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకు కరెంటు అందించే ముక్క) సరిగ్గా ఎదురు దిక్కున, నాలుగో నంబర్ వైపు చూస్తోంది.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డెల్కో ఒక్క చుట్టు తిరుగుతుంది. పుల్లీ గుర్తు ఒక్కటే చూసి అమర్చితే సగం చుట్టు తప్పిపోవచ్చు, ఎందుకంటే ఆ గుర్తు పొగను బయటికి ఊదే స్ట్రోక్‌లోనూ వస్తుంది. ఖాయం చేసుకోవడానికి టాపెట్ కవర్ తీసి చూశాం. ఒకటో నంబర్ టాపెట్లు రెండూ వదులుగా ఉన్నాయి, నాలుగోదాని వాల్వులు ఒకటి మూసుకుంటూ, ఇంకోటి తెరుచుకుంటూ ఊగిసలాడే చోట ఉన్నాయి. అంటే కాలాల్సింది ఒకటోదే. ఇంజన్ కట్టినప్పుడు డెల్కోను తిప్పే గేరును సగం చుట్టు తేడాతో దింపారు.

దీనికి సులువు మార్గం ఒకటుంది. ప్లగ్ వైర్లను 1కి 4, 3కి 2 మార్చేస్తే ఇంజన్ నడుస్తుంది. నేను ఒప్పుకోలేదు. రేపు ఇంకో మెకానిక్ మాన్యువల్ చూసి వైర్లు పెడితే మళ్లీ ఇదే గోస. కాకా కూడా అదే అన్నాడు. డెల్కో తీసి, గేరు నెత్తిన ఉండే మరలో పొడుగు బోల్టు ఎక్కించి పైకి లాగి, సగం చుట్టు తిప్పి దింపాం. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి దిగేటప్పుడు గేరు కాస్త తిరుగుతుంది. ఆ తిరుగుడు లెక్కలో పెట్టుకుని దింపడంలోనే కాకా చేతి పనితనం చూశాను. వైర్లు క్యాప్ మీద గడియారానికి ఎదురు దిక్కుగా 1-3-4-2 వరసలో పెట్టాం.

టైమింగ్‌కు మళ్లీ అదే బల్బు. పుల్లీ గాటును మాన్యువల్ చెప్పిన డిగ్రీల దగ్గర ఆపి, డెల్కో బాడీని రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, బల్బు వెలిగిన క్షణంలో క్లాంపు బిగించాం. సెల్ఫ్ అలా తగిలిందో లేదో ఇంజన్ అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచి నిలబడింది. రేడియేటర్ నిండా నీళ్లున్నాయా, పెట్రోల్ పైపుల దగ్గర ఎక్కడైనా కారుతోందా అన్నదే మేం తర్వాత చూసింది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు ముందే మార్చేశాను.

టైమింగ్ మళ్లీ టైమింగ్ లైటుతో సరిచూశాను, కొంచెం జరపాల్సి వచ్చింది. కొత్త పాయింట్ల మడమ మొదట్లో క్యామ్ మీద త్వరగా అరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది, దాంతో టైమింగ్ వెనక్కి పోతుంది. అందుకని క్యామ్‌కు గ్రీజు చుక్క రాసి, కాజీపేట దాకా కొన్నాళ్లు తిప్పాక గ్యాప్ మళ్లీ చూశాను. తగ్గే ఉంది, సరిచేశాను. పాత కండెన్సర్ ఇప్పటికీ బండిలో పనిచేస్తోంది. దానికి తోడుగా మరొకటి, ఒక రోటర్, ఆ బల్బు, వైర్లు డాష్‌బోర్డు అరలో ఉన్నాయి.