డ్రెస్ కోడ్ ఒక ఫైలు, వేధింపు మరొక ఫైలు: నా అనుభవం

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు కళాశాలలో పీజీ చదువుతుండగా నేను లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఫిర్యాదు ఇచ్చి, విచారణ ముగిసేదాకా నిలబడ్డాను. కళాశాల పేరు, వ్యక్తుల పేర్లు ఇక్కడ రాయను. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టంలోని 16వ సెక్షను ప్రకారం ఫిర్యాదుదారు, సాక్షుల వివరాలను గానీ విచారణలో సాగిన మాటలను గానీ బయటపెట్టకూడదు. అయితే ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, బాధితురాలికి దక్కిన న్యాయం గురించి చెప్పుకోవడానికి అదే సెక్షను అవకాశమిచ్చింది. ఆ హద్దులో ఉంటూనే రాస్తున్నాను. విద్యార్థులు ఏం వేసుకోవాలి, ఆ నిబంధన గురించి ఏం మాట్లాడవచ్చు అనేది ఒక తగవు. బట్టల మిషతో ఆడపిల్లల ఒంటి గురించి మాట్లాడటం వేరే తగవు. మా కళాశాల ఈ రెండింటికీ ముడిపెట్టాలని చూసింది. ఆ ముడి విప్పడానికే నా ఓపిక ఎక్కువగా ఖర్చయింది.

తరగతులు మొదలైన కొత్తలో నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. లెగ్గింగ్స్ వేసుకోకూడదు, చున్నీ రెండు భుజాల మీదా పరిచి పిన్ను పెట్టుకోవాలి, "మర్యాదకరమైన" దుస్తులలోనే రావాలి అన్నది దాని సారాంశం. అబ్బాయిలకు చెప్పులకు బదులు బూట్లు వేసుకోవాలన్న ఒక్క వాక్యం ఉంది. మర్యాద ఏమిటో ఎవరు తేలుస్తారన్నది నోటీసులో లేదు గానీ, మర్నాటి నుంచి గేటు దగ్గర కనిపించింది. క్రమశిక్షణ బాధ్యత చూసే ఒక సిబ్బంది పొద్దున్నే అక్కడ నిలబడి, లోపలికి వచ్చే ప్రతి అమ్మాయినీ ఆపడం మొదలుపెట్టారు. మొదట చున్నీ గురించే మాట్లాడేవారు. పోనుపోను, చున్నీ కింద ఏముందన్న దాని గురించి మాట్లాడసాగారు. నరసన్నపేట వైపు బస్సులో వచ్చే జూనియర్లు కొందరు ఆయన కంట పడకుండా ఉండాలని మొదటి పీరియడ్ వదులుకుని ఆలస్యంగా వచ్చేవారు. నాతో అన్న మాటలను ఇక్కడ తిరిగి రాయను. ఫిర్యాదులో మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా, తేదీతో సహా రాశాను.

ఇదిలా ఉండగా విద్యార్థులు కొందరం నోటీసును పునఃపరిశీలించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చాం. జవాబు రాకపోయేసరికి ఒక రోజు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు హాజరయ్యాం. మన జిల్లాలో ఉద్యోగ సంఘాలకు, ఉపాధ్యాయులకు అది అలవాటైన నిరసన పద్ధతే. తరగతులు ఆగలేదు, నినాదాలు వినిపించలేదు. అయినా సాయంత్రానికి బ్యాడ్జీ పెట్టుకున్న వారందరికీ మెమోలు అందాయి.

మెమోకు జవాబు రాసేటప్పుడు ఒక మిత్రుడు అమెరికాలో జరిగిన టింకర్ కేసును ఉదహరించాలన్నాడు. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965లో డెమాయిన్ నగరంలో నల్ల పట్టీలు కట్టుకుని బడికి వెళ్ళిన పిల్లలను సస్పెండ్ చేస్తే, 1969లో అక్కడి సుప్రీం కోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. బడి పనికి గణనీయమైన అంతరాయం కలగనప్పుడు ఆ భావప్రకటనను అణచకూడదన్నది దాని సారం. అయితే పరాయి దేశపు తీర్పు మన యాజమాన్యాన్ని కట్టడి చేయదు. పైగా తమ ముందున్న తగాదా లంగాల పొడవుకో, దుస్తుల రకానికో సంబంధించినది కాదని ఆ కోర్టే స్పష్టంగా రాసింది. అంటే నిరసనగా పెట్టుకున్న బ్యాడ్జీ వేరు, చున్నీ నిబంధన వేరు. ఈ తేడా నాకు తర్వాత చాలా ఉపయోగపడింది. జవాబులో మాత్రం వాక్ స్వాతంత్ర్యపు హక్కునిచ్చే మన రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణాన్నీ, జాతీయ గీతం పాడకుండా మౌనంగా, మర్యాదగా నిలబడినందుకు కేరళ బడి నుంచి బహిష్కరించిన ముగ్గురు పిల్లలను తిరిగి చేర్చుకోవాలని 1986లో మన సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పునూ ప్రస్తావించాం.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది. అక్కడి న్యాయవాది మేడమ్ నా కాగితాలన్నీ చదివి, రెండు కుప్పలుగా వేరు చేసి బల్ల మీద పెట్టారు. నోటీసు, అర్జీ, మెమో, జవాబు ఒక పక్క. గేటు దగ్గర విన్న మాటలు, తేదీలు, విన్నవారి పేర్లు మరో పక్క. ప్రైవేటు కళాశాల మీద వాక్ స్వాతంత్ర్యపు హక్కును నిలబెట్టుకోవడం సుదీర్ఘమైన వాదనతో కూడిన పని అనీ, వేధింపుల చట్టం మాత్రం ప్రైవేటు సంస్థలనూ విద్యాసంస్థలనూ పేర్కొని మరీ తన పరిధిలోకి తెచ్చుకుందనీ వివరించారు. "ఈ కుప్పలోంచి ఒక్క కాగితం కూడా ఆ కుప్పలోకి పోకుండా చూసుకో అమ్మా" అన్నారు. కమిటీ ముందు ఏ పక్షం తరఫునా న్యాయవాది హాజరు కాకూడదు కనుక అక్కడ మాట్లాడవలసింది నేనే.

ఫిర్యాదు రాసేటప్పుడు అసలు చిక్కు ఎదురైంది. ఆ మాటలు పడిన రోజున నేను నిబంధన ప్రకారం చున్నీకి పిన్ను పెట్టుకునే ఉన్నాను. ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాస్తే కేసు బలపడుతుందని నాన్న, స్నేహితులు, చివరికి ఒక లెక్చరర్ కూడా సలహా ఇచ్చారు. నేను రాయలేదు. పిన్ను పెట్టుకున్నాను కాబట్టి ఆ మాటలు తప్పని వాదిస్తే, పెట్టుకోని జూనియర్‌ని అనవచ్చని నా చేతులతో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అవాంఛనీయమైన, లైంగిక ధ్వని గల మాటలను చట్టంలోని నిర్వచనం వేధింపుగా పేర్కొంది. విన్నవారు ఏం కట్టుకుని ఉన్నారన్న ప్రశ్న ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. లేని ప్రశ్నకు జవాబు ఇవ్వకూడదని నిశ్చయించుకున్నాను.

ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్సు తీయించి, నిబంధనలు చెప్పినట్టు 6 ప్రతులు సమర్పించి, నా ప్రతి మీద తేదీతో సంతకం తీసుకున్నాను. సంఘటన జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. గేటు దగ్గర నిలబడే ఆ సిబ్బంది చేతిలోనే ఇంటర్నల్ మార్కులు ఉండటంతో, విచారణ జరిగినంత కాలం నా పేపర్లు ఆయన దిద్దకుండా చూడమని విడిగా కోరాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనలలో ఆ వెసులుబాటు ఉంది, కమిటీ మంజూరు చేసింది. ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కమిటీలో ఉండాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. మా కమిటీలో ఒక్కరూ లేరు. నేను అడిగాకే ఎన్నిక జరిపారు.

సాక్షుల దగ్గర నాకు తెలియని లోకం ఒకటి కనిపించింది. ల్యాబులో పనిచేసే ఒక అటెండర్ అక్కను గేటు దగ్గర అవే మాటలు ఎంతో కాలంగా వెంటాడుతున్నాయి. విద్యార్థులం కనుక మేం బ్యాడ్జీ పెట్టుకోగలిగాం, అర్జీ రాయగలిగాం. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. "నాను సెప్తే నా ఉజ్జోగం ఉంటాదేటమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు వాక్ స్వాతంత్ర్యం దగ్గర జవాబు లేదు. ఉద్యోగినికి అండగా నిలిచేది వేధింపుల చట్టమే. కూలిపని నుంచి కార్యాలయం వరకు, కాంట్రాక్టు వారితో సహా ప్రతి మహిళకూ ఇది వర్తిస్తుందని, సాక్షి పేరు కూడా గోప్యంగా ఉంచాలని ఆమెకు చదివి వినిపించాను. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి సాక్ష్యం చెప్పింది.

ప్రతివాది రాసిన జవాబులో రెండు వాదనలున్నాయి. తాను కళాశాల డ్రెస్ కోడ్ అమలు చేశానన్నది మొదటిది. విద్యార్థుల బ్యాడ్జీలు, అర్జీ కలిసి తననే వేధించాయన్నది రెండోది. విచారణలో ఒక సభ్యురాలు నన్ను "ఆ రోజు ఏ డ్రెస్‌లో వచ్చావమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న డ్రెస్ కోడ్ ఫైలుకు చెందినదని, అయినా అడగదలిస్తే ప్రశ్నను యథాతథంగా రికార్డులో రాయించమని వినయంగా చెప్పాను. స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన బయటి సభ్యురాలు నాతో ఏకీభవించారు, ప్రశ్నను విరమించుకున్నారు.

రెండో వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. నోటీసు అన్యాయమని, గేటు దగ్గర ఆపడం మానాలని రాయడం విమర్శ. ఎంత ఘాటుగా ఉన్నా అది వేధింపు కాదు. కానీ మాలో ఒకరు ఆయన భార్యను కలిపి ఒక అసభ్యమైన వాట్సాప్ స్టేటస్ పెట్టారు. అది మా పక్షపుదే అయినా దాన్ని నేను సమర్థించలేదు. ఆ ఇల్లాలికి ఈ తగవుతో ఏ సంబంధమూ లేదు. నా ఒంటి మీద వ్యాఖ్య తప్పయితే ఆమె మీద వ్యాఖ్య కూడా తప్పేనని చెప్పి, స్టేటస్ తీయించి, క్షమాపణ రాయించాం. కమిటీకి ఆ సంగతి నేనే తెలియజేశాను.

ఫిర్యాదు రుజువు కాకపోతే నా మీదే చర్య ఉంటుందని బయట కొందరు భయపెట్టారు. తగిన రుజువు చూపలేకపోవడం ఒక్కటే చర్యకు కారణం కానవసరం లేదని వేధింపుల చట్టంలోని 14వ సెక్షను చెబుతోంది. దురుద్దేశాన్ని వేరుగా విచారించి తేల్చాలి. ఈ ఒక్క వాక్యం తెలియక ఆగిపోయే అమ్మాయిలు మా క్లాసులోనే ఉన్నారు.

విచారణకు నిబంధనలు పెట్టిన గడువు 90 రోజులు; ఆ లోపే ముగిసింది. లైంగిక ధ్వని గల వ్యాఖ్యలు చేసినట్టు రుజువైందని కమిటీ తేల్చింది. యాజమాన్యం ఆయనను గేటు బాధ్యత నుంచీ విద్యార్థుల మూల్యాంకనం నుంచీ తప్పించి, క్రమశిక్షణ చర్య తీసుకుంది. దుస్తుల గురించి ఎవరినీ గేటు దగ్గర ఆపి మాట్లాడకూడదని, అభ్యంతరముంటే మహిళా లెక్చరర్ ద్వారా రాతపూర్వకంగా తెలపాలని ఉత్తర్వు ఇచ్చింది. మెమోలను వేరే ఉత్తర్వుతో ఉపసంహరించుకున్నారు.

చున్నీ నిబంధన మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని మార్చమని కోరుతూ ఇచ్చిన అర్జీ పాలకమండలి దగ్గర ఉంది. నేను చదువు పూర్తి చేసుకుని వచ్చేశాను గనుక, వచ్చే సమావేశంలో ఆ అర్జీ గురించి జూనియర్లు మాట్లాడతారు. అటెండర్ అక్క తన సొంత ఫిర్యాదును తన పేరు మీదే ఇచ్చింది. దాని విచారణ మొదలైంది.