పేరు చివర మాదిగ

ఎవరి కులం పేరూ నోటితో అనకూడదు, అదే మర్యాద అనుకునేవాళ్లు నాకు చాలామంది తగులుతుంటారు. నేనలా అనుకోను.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బస్సు ఆగగానే కండక్టర్ "హరిజనవాడవాళ్లు దిగాలి" అని కేకేసేవాడు. మేం మూటలు సర్దుకుని దిగేదాకా బస్సంతా మావైపే చూసేది. గాంధీగారు మంచి మనసుతోనే వాడి ఉండొచ్చు, కానీ ఆ పేరు మమ్మల్ని అడిగి పెట్టింది కాదు. అంతకు ముందే, 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మావాళ్లు సభ పెట్టుకుని, పంచములన్న పిలుపు వద్దు, మేం ఆది ఆంధ్రులం అన్నారు. కుల ధ్రువపత్రాల్లో 'హరిజన' అని రాయొద్దని కేంద్రం చెప్పేసరికి 1982 వచ్చింది.

మరి 'మాదిగ'? అది మేం తిట్టుగా విన్న మాట. చెరువు దగ్గర, పొలం గట్టు మీద, పని కాస్త ఆలస్యమైతే చాలు. 1994 జులై 7న మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దాన్ని నడిపిన మంద కృష్ణ తన పేరు చివర ఆ మాటే పెట్టుకున్నారు. చూస్తుండగానే ఊరూరా కుర్రాళ్లు అదే పని చేశారు. డిగ్రీ చదువుతున్న మా అన్నయ్య సైకిల్ చైన్ కవర్ మీద తెల్ల పెయింటుతో తన పేరు, పక్కనే మాదిగ అని రాయించాడు. అమ్మకు ఒకటే టెన్షన్.

"ఎందుకురా అందరికీ చెప్పుకోవడం?"

"తెలియందెవరికమ్మా?" అన్నాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగితే "మీరేంట్లు?" అంటారు. చెప్పాక ఒక ఇంటావిడ గొంతు బాగా తగ్గించి "ఎస్సీలా?" అంది. ఎస్సీ రాజ్యాంగంలో ఉన్న మాట, అందులో తిట్టేమీ లేదు. అయినా నాకు ఈడ్చి కొట్టినట్టయింది. మర్నాడే అడ్వాన్స్ వెనక్కిచ్చేశారు.

అందుకే నేను ముందు చూసేది, ఆ పేరు ఎవరు పెట్టుకున్నారు, ఎవరు ఎందుకు అంటున్నారు అనే. 2018లో టీవీ చానళ్లు 'దళిత' అనొద్దని సమాచార, ప్రసార శాఖ సూచిస్తే నాకు కోపమొచ్చింది. అది పోరాడి తెచ్చుకున్న పేరు.

పేరెత్తకపోతే కులం దానంతటదే పోతుందనే మాట కూడా నాకు మింగుడుపడదు. దండోరా అడిగింది ఎస్సీ రిజర్వేషన్లలో మాదిగల వాటా. ఎస్సీల్లో మాదిగలు ఎందరు, వాళ్లకు ఉద్యోగాలు ఎన్ని వచ్చాయి అని విడిగా రాయకుండా వాటా ఎలా తేలుస్తారు? ఆ రిజర్వేషన్లను ఎస్సీ కులాల మధ్య విడివిడిగా పంచే వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేదాకా ముప్పయ్యేళ్లు మావాళ్లు రోడ్ల మీద గట్టిగా అరిచింది ఆ పేరే.