టీపీఎన్ సంచిలో విటమిన్లు పడ్డాయా?

టీపీఎన్ అంటే నోటితో తినలేనివారికి పోషణ అంతా సిర ద్వారానే ఎక్కించడం. దాని మూడు గదుల సంచి తగిలిస్తే పోషణ అంతా అందినట్టేనని చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, కొవ్వు, రకాన్ని బట్టి లవణాలు. విటమిన్లు ఉండవు. ట్రేస్ ఎలిమెంట్లు (జింకు, రాగి, సెలీనియం లాంటి, అతి కొద్దిగా కావాల్సిన ఖనిజాలు) కూడా, కొన్నింట్లో కాస్త జింకు తప్ప, ఉండవు. లేబుల్ చదివితే అర నిమిషంలో తెలిసిపోయే సంగతి ఇది. కాబట్టి ఈ రెండింటికీ విడిగా ఆర్డరు రాయాలి, మొదటి రోజు నుంచే, ప్రతి రోజూ. "కొన్నాళ్లు చూసి వేద్దాం" అనే అలవాటు ప్రమాదకరం.

ఎందుకంటే థయామిన్ (విటమిన్ బి1). శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. టీపీఎన్ దాకా వచ్చిన మనిషి అప్పటికే సరిగా తినక చాలా రోజులై ఉంటుంది. అలాంటివారికి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోతుంది. గ్లూకోజ్ నుంచి వచ్చే పైరువేట్, థయామిన్ లేక, శక్తి తయారయ్యే క్రెబ్స్ చక్రంలోకి వెళ్లలేక లాక్టేట్‌గా మారుతుంది. రక్తం ఆమ్లం వైపు జారుతుంది, బీపీ పడుతుంది, చూసేవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్సిస్‌లా కనిపిస్తుంది. బైకార్బొనేట్ ఎంత పోసినా లాభముండదు. 1997లో అమెరికాలో ఇంజెక్షన్ మల్టీవిటమిన్ల కొరత వచ్చినప్పుడు టీపీఎన్ రోగుల్లో సరిగ్గా ఇలాంటి లాక్టిక్ అసిడోసిస్ కేసులే బయటపడ్డాయి. రీఫీడింగ్ ముప్పు (చాలా రోజులు తినక మళ్లీ పోషణ మొదలైనప్పుడు రక్తంలో లవణాలు ఒక్కసారిగా పడిపోవడం) ఉన్నవారికి గ్లూకోజ్ మొదలుపెట్టే ముందే 100 నుంచి 300 మి.గ్రా. థయామిన్ సిరలోకి ఇవ్వాలి. మల్టీవిటమిన్ వయల్‌లో ఉండే 6 మి.గ్రా. ఆ అవసరానికి చాలదు.

మల్టీవిటమిన్ రెండు వయళ్లుగా వచ్చే రకమైతే ఒక చిన్న ఉచ్చు ఉంది. మొదటి దానిలో ఎ, డి, ఇ, కె, సి, బి రకాల్లో చాలావరకు ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం, బయోటిన్, బి12 మాత్రం రెండోదానిలో. మొదటిది కలపగానే రైబోఫ్లేవిన్ (బి2) వల్ల ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. రంగు చూసి అంతా అయిందనుకుంటే రెండో వయల్ ట్రేలోనే మిగిలిపోతుంది. రంగు రైబోఫ్లేవిన్ పడిందని చెబుతుందే తప్ప ఫోలిక్ ఆమ్లం పడిందని చెప్పదు.

కలిపే వేళ కూడా ముఖ్యమే. విటమిన్ సి ఆక్సిజన్‌తో విరిగిపోతుంది, రాగి ఉంటే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. విరిగినది ఆక్సలేట్‌గా మారి, కాల్షియంతో కలిసి గట్టిపడే అవకాశమూ ఉంది. విటమిన్ ఎని వెలుతురు పాడుచేస్తుంది. అందుకే విటమిన్లను చివర్లో, సంచి తగిలించడానికి కాస్త ముందు కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. సంచికి తొడుగు వేసి ట్యూబును వదిలేస్తే సగం పనే చేసినట్టు, ట్యూబునూ కప్పాలి. కొవ్వున్న సంచిలో ఇనుము మందు ఐరన్ డెక్స్‌ట్రాన్ కలపకూడదు, కొవ్వు, నీరు కలిసి ఉన్న ఎమల్షన్ విడిపోతుంది.

ట్రేస్ ఎలిమెంట్ల రోజువారీ లెక్క: జింకు 3–5 మి.గ్రా., రాగి 0.3–0.5 మి.గ్రా., సెలీనియం 60–100 మైక్రోగ్రాములు, మాంగనీస్ 55 మైక్రోగ్రాములు. ఇది నష్టాలేమీ లేనివారికి. చిన్న పేగు ఫిస్టులా (పేగు నుంచి ఏర్పడిన అసహజ దారి) నుంచి పోయే ప్రతి లీటరుకు దాదాపు 12 మి.గ్రా. జింకు, విరేచనాల్లో లేదా ఇలియోస్టమీలో (చిన్న పేగు చివరను పొట్ట మీదికి తెరిచిన దారి) లీటరుకు దాదాపు 17 మి.గ్రా. పోతుంది. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (ఒంట్లోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికి పోయింది అన్న లెక్క) చూడకుండా జింకు మోతాదు రాయడం గుడ్డి లెక్కే. ఐసీయూలో నిరంతర డయాలిసిస్ మీద ఉంటే రాగి, సెలీనియం, థయామిన్, విటమిన్ సి కూడా ద్రవంతో వెళ్లిపోతాయి. నెలల తరబడి సెలీనియం లేకపోతే కండరాల నొప్పి, గుండె కండరం బలహీనపడటం చూస్తాం.

కాలేయం దగ్గర కథ తిరగబడుతుంది. మాంగనీస్, రాగి పిత్తం ద్వారానే బయటికి పోతాయి. కామెర్లతో పిత్తం ఆగితే మాంగనీస్ మెదడులో, కదలికలను అదుపు చేసే గ్లోబస్ పాలిడస్‌లో పేరుకుని వణుకు, బిగుతు, నడకలో మార్పు తెస్తుంది. ఎమ్మారైలో టీ1 రకం చిత్రంలో అక్కడ తెల్లగా మెరుస్తుంది. కొన్ని పాత మిశ్రమాల్లో రోజుకు వేసే ఒక్క మి.లీ.లోనే 500 మైక్రోగ్రాముల మాంగనీస్ ఉండేది, అంటే ఇప్పటి సిఫార్సుకు తొమ్మిది రెట్లు! పైగా సంచిలోని మిగతా ద్రావణాల నుంచి కూడా ఆనవాళ్లు చేరుతుంటాయి. కాబట్టి కామెర్లుంటే మాంగనీస్ ఆపాలి. రాగిని మాత్రం అదే ఊపులో తీసేయకండి, రక్త స్థాయి చూసి తగ్గించాలి. పూర్తిగా ఆపితే రక్తహీనత, న్యూట్రోఫిళ్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిపోవడం, కొన్నాళ్లకు వెన్నుపాము దెబ్బతినడం తప్పకపోవచ్చు.

ఈ విటమిన్లు, ట్రేస్ ఎలిమెంట్ల రక్త రిపోర్టు చదివేటప్పుడు పక్కన ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ ఉండాలి. అది 20 మి.గ్రా./లీ. దాటితే జింకు, సెలీనియం, విటమిన్ ఎ తక్కువగా కనిపిస్తాయి, రాగి ఎక్కువగా కనిపిస్తుంది. అవి వాపు వల్ల మారిన అంకెలు కావచ్చు, వెంటనే లోపం అంకెలనుకోకూడదు. నమూనా కోసం ట్రేస్ ఎలిమెంట్ల ట్యూబే వాడాలి. మామూలు ట్యూబు రబ్బరు మూత నుంచి జింకు కలుస్తుంది, రక్తకణాలు చిట్లినా జింకు పెరిగినట్టు చూపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికైతే మల్టీవిటమిన్‌లోని 150 మైక్రోగ్రాముల విటమిన్ కె వల్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే అంకె) పడొచ్చు. విటమిన్లు మొదలెట్టిన వారంలోనే ఐఎన్ఆర్ మళ్లీ చూసి, మార్చాల్సి వస్తే వార్ఫరిన్ మోతాదునే మార్చాలి, విటమిన్లను ఆపకూడదు.