గుర్రాలు పోయి జుట్టు వచ్చింది: నా ఫ్రెంచి పాట పరీక్ష అనుభవం

మొన్న శనివారం పాసయ్యాను. రెండో ప్రయత్నంలో. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. నాలుగు రోజులాగితే నేనే అందర్నీ క్షమించేసేలా ఉన్నాను.

మాది తెనాలి. ఆంధ్రా ప్యారిస్ నుంచి అసలు ప్యారిస్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయింది. పగలు సాఫ్ట్‌వేర్ పని, సాయంత్రాలు ఇక్కడి ఒక మునిసిపల్ కన్సర్వేటరీలో పాట. కన్సర్వేటరీ అంటే ఏదో పెద్ద విద్వాంసుల వ్యవహారం అనుకోకండి. ప్యారిస్‌లో చాలా వార్డుల్లో ఇలాంటిది ఒకటుంటుంది. ఫీజు మన ఆదాయాన్ని బట్టి వేస్తారు. చేరడానికి చిన్న ఆడిషన్. అది గడిచిపోయింది. స్వరలిపి చూసి చదివే క్లాసు తప్పనిసరి. అదీ గడిచిపోయింది. ఆఫీసులో నా ఫైలు రెండుసార్లు పోగొట్టారు. మీరెవరైనా చేరితే ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి, ఆ కౌంటర్ దగ్గర నవ్వుతూ "అంతా సరిపోయిందండీ" అన్న మాటని మాత్రం నమ్మకండి.

నాది బారిటోన్ గొంతు. మగ గొంతుల్లో టెనర్‌కి కింద, బాస్‌కి పైన. ఫ్రెంచివాళ్ళు ఇందులో మళ్ళీ ఒక రకం చెబుతారు: బరువు లేకుండా, పైస్థాయికి ఇబ్బంది పడకుండా వెళ్ళే గొంతు. దాన్ని బారిటోన్ మార్తాఁ అంటారు. జాఁ-బ్లేజ్ మార్తాఁ (1768–1837) అనే గాయకుడి పేరు మీద వచ్చిన మాట అది. మా టీచరుగారు మొదటి నెలలోనే నాది ఆ కోవలోకి వస్తుందేమో అన్నారు. ‘ఏమో’ అన్న ముక్క వదిలేసి మిగతాది ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. "అంటే ఘంటసాల లాగానా?" అంది అమ్మ. అవునన్నాను. ఆ రోజుకి అది అబద్ధమే.

పరీక్షకి రెండు భాగాలు. ఒకటి మెలొదీ, అంటే పియానో పక్కన నిలబడి కవిత్వాన్ని పాడటం. వేషం ఉండదు, చేతులు ఊపకూడదు. రెండోది ఒపెరా-కొమీక్ లేదా ఆపరెట్టా (తేలికపాటి సరదా ఒపెరా) నుంచి ఒక సన్నివేశం, మధ్యలో వచ్చే మాటలతో సహా. ఒపెరా-కొమీక్ అనగానే పడీపడీ నవ్వుకునే నాటకం అనుకుంటారు. పాటకీ పాటకీ మధ్య మామూలు మాటలుండటమే దాని గుర్తు. 1875లో ప్యారిస్‌లోని ఒపెరా-కొమీక్ థియేటర్లో మొదట ఆడినప్పుడు కార్మెన్ అనే ఒపెరా కూడా మాటలతోనే ఉంది, చివర్లో హత్యే జరుగుతుంది. ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మా తాతగారు కురుక్షేత్రం పద్యాలు పాడేవారు. పద్యం, వచనం, మళ్ళీ పద్యం. తేడా ఒక్కటే. అక్కడ పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. ఇక్కడ మెలొదీల గుచ్ఛం పాడుతుంటే మధ్యలో చప్పట్లు కూడా కొట్టరు, చివరిదాకా ఓపిక పడతారు.

మెలొదీకి నేను ఫోరే అనే ఫ్రెంచి స్వరకర్త కూర్చిన లోరిజోఁ షిమెరీక్ అనే గుచ్ఛం నుంచి రెండు పాటలు తీసుకున్నాను. సముద్రం, ఓడలు, ప్రయాణాలు. 1921లో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, చెవులు దాదాపు పోయిన స్థితిలో ఫోరే వీటిని స్వరపరిచి షార్ల్ పంజెరా అనే కుర్ర బారిటోన్‌కి అంకితమిచ్చాడు. కవితలు రాసిన జాఁ ద లా విల్ ద మీర్మోఁ అప్పటికి లేడు, 1914లో యుద్ధంలో పోయాడు.

ఇక్కడ కొంచెం గొప్ప చెప్పుకోనివ్వండి. ఫ్రెంచి పాట పాడటానికి తెలుగువాడు పుట్టుకతోనే సగం సిద్ధమై వస్తాడు. ఫ్రెంచివాళ్ళు మాట్లాడేటప్పుడు ‘ర’ని గొంతులో గరగరలాడిస్తారు. మెలొదీలో మాత్రం సంప్రదాయం ప్రకారం ‘ర’ నాలుక కొసన పలకాలి. పంజెరా రికార్డులు వినండి, ఇంకో బారిటోన్ జెరార్ సూజే రికార్డులు వినండి, అది మన ‘ర’యే. క్లాసులో ఫ్రెంచి పిల్లలు దాని కోసం నెలల తరబడి తంటాలు పడుతుంటే, టీచరుగారు నన్ను లేపి నిలబెట్టి "ఇదిగో, ఇలా" అని చూపించేవారు. ఇంకోటి, మాట చివర ఉండే ‘ఎ’ అక్షరం. మాటల్లో దాన్ని మింగేస్తారు, పాటలో మాత్రం దానికీ ఒక స్వరం ఇచ్చి పలికిస్తారు. మనది అజంత భాష. కార్‌ని కారు, రోడ్‌ని రోడ్డు చేసుకుంటే తప్ప మనకి నోరు మూతపడదు. హల్లు దగ్గర ఆగడం కష్టం గానీ చివర ఒక అచ్చు తగిలించమంటే కష్టమేముంది?

రెండో భాగానికి సిబూలెత్. రెనాల్డో ఆన్ 1923లో రాసిన ఆపరెట్టా. ఆన్ పుట్టింది వెనిజులాలో, కరాకస్‌లో. బయటివాడే ఇంత ఫ్రెంచిగా రాశాడు కదా అన్న ధైర్యం కూడా ఉంది నాకు. అందులో దుపార్కే అనే పాత్ర బారిటోన్‌ది. ప్యారిస్ నడిబొడ్డున ఉండిన లే ఆల్ కూరగాయల మార్కెట్‌లో అధికారి, వయసు మళ్ళినవాడు. బొహేమ్ అనే పేరున్న ప్రేమకథలో మిమీని పోగొట్టుకున్న రొదోల్ఫ్ ఉన్నాడే, అతనే ముసలివాడై ఇలా మిగిలాడన్నమాట. అందరితో సరదాగా ఉంటూ ఒక్కసారి ఆ పాత ప్రేమని తలుచుకుంటాడు. ఈ పాత్రని మొదట వేసింది జాఁ పెరియే. ఈ పెరియేయే 1898లో వెరొనీక్ ఆపరెట్టాలో పాడాడు, 1902లో దెబుసీ గంభీరమైన ఒపెరాలో కథానాయకుడు పెలెయాస్‌ని మొట్టమొదట పాడినవాడూ ఇతనే. ఆపరెట్టా అంటే ముఖం చిట్లించే పండితులు మా క్లాసులోనూ ఉన్నారు. వాళ్ళకి పెరియే పేరు చెబితే కాసేపు నిశ్శబ్దం.

స్కోరు కోసం, అంటే స్వరలిపి పుస్తకం కోసం, లే ఆల్‌లోనే ఉన్న నగర సంగీత లైబ్రరీకి వెళ్ళాను. కూరగాయల మార్కెట్ 1969లోనే ఊరి బయట రున్‌జిస్‌కి వెళ్ళిపోయింది, ఇప్పుడక్కడ నేల కింద షాపింగ్ కాంప్లెక్స్. ఫోటోకాపీలు పట్టుకెళ్తే పరీక్షలో అభ్యంతరం పెడతారు, అసలు పుస్తకమే తీసుకెళ్ళండి. పియానిస్ట్‌తో కనీసం నాలుగు రిహార్సల్స్ పెట్టుకోండి. ఇవి చిన్న విషయాలు.

అసలు విషయం పోయినేడు జరిగింది.

మాటల భాగాన్ని టీచరుగారే కాస్త కుదించి ఒక పేజీలో రాసి ఇచ్చారు. ఏడాదంతా పాటకే సరిపోయింది. మాటలకి దక్కింది చివరి క్లాసులో చివరి పది నిమిషాలు. "మీ ఫ్రెంచి బాగానే ఉందిగా, చదువుకోండి" అన్నారు. ఈ మాట నేను ఆవిడకి ఇంకా బాకీ ఉంచుకున్నాను.

ఎదురుగా జ్యూరీ ముగ్గురు. ఫోరే పాడాను. బాగా పాడానని నాకే తెలుస్తోంది. ముగ్గురిలో ఒకావిడ రాయడం ఆపి వింటోంది. తర్వాత సన్నివేశం. నా పక్కన కథానాయిక సిబూలెత్‌గా ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి. మొదటి రెండు మాటలకే ఎడమవైపు పెద్దాయన నవ్వాడు. ఆపరెట్టా కదా, నవ్వించానని ఉబ్బిపోయాను. ఇంకాస్త జోరు పెంచాను. తర్వాత అసలు జోకు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు కొంచెం చెమట పట్టింది. ఆ తర్వాత పాటకి ముందు వచ్చే విషాదపు మాట. చనిపోయిన ప్రియురాలి గురించి, "ఆమె జుట్టు నాకింకా గుర్తుంది" అనాలి.

ముగ్గురూ నవ్వారు. ఒకాయన దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు. ఇందాక నా ఫోరే కోసం పెన్ను పక్కనపెట్టిన ఆవిడ ఇప్పుడు తల దించుకుని టేబుల్ వైపు చూస్తోంది, భుజాలు కదులుతున్నాయి. నా పక్కనున్న అమ్మాయి కూడా పెదవి కొరుక్కుంటోంది.

నేనన్నది ఏమిటంటే, "ఆమె గుర్రాలు నాకింకా గుర్తున్నాయి."

ఫ్రెంచిలో గుర్రాలు ‘షెవో’. జుట్టుకి కూడా మొదలు అదే, చివరి అచ్చు ఒక్కటే తేడా. పెదవులు ‘ఓ’ అనడానికి పెట్టినట్టు పెట్టి, నాలుకతో లోపల ‘ఏ’ అనాలి. ఆ అచ్చు మనకి లేదు. దాన్ని పాటలో నేను ఎన్నోసార్లు సరిగ్గా పలికాను. ఎందుకంటే పాటలో టైముంటుంది. స్వరం మీద నిలబడి నోటిని సర్దుకోవచ్చు, టీచరుగారు ఒక్కో అచ్చునీ వారాల తరబడి సరిచేశారు. మాటల్లో ఆ టైము ఎవరిస్తారు? అక్కడ నన్ను గెలిపించిన ‘ర’, అజంతం కూడా ఇక్కడ నా మీదే తిరగబడ్డాయి. మాటల్లో గొంతులో పలకాల్సిన ‘ర’ని నాలుకతో మోగించాను, మింగాల్సిన ‘ఎ’లన్నీ పలికాను. మాట్లాడితే సిబూలెత్. పాడితేనే సి-బూ-లె-త. నేను మాటల్లోనూ నాలుగు అక్షరాలూ పలికాను. వాళ్ళు మొదట్లో నవ్వింది దానికే.

పెద్దాయన అక్కడితో ఊరుకోలేదు. పాట అయ్యాక, "ఆ వాక్యం ఇంకోసారి" అన్నాడు. అన్నాను. "ఇంకోసారి." అన్నాను. నాలుగోసారి "సరే, వదిలేయండి" అని చేత్తో సైగ చేశాడు, ఈగని తోలినట్టు. పరీక్షలో అభ్యర్థిని నాలుగుసార్లు అదే మాట అనిపించి ఏం తేల్చుకుంటారో నాకు తెలీదు. మన దగ్గర ఇంటర్వ్యూల్లో యాసని చూసి నవ్వేవాళ్ళు గుర్తొచ్చారు. గుంటూరు యాసకి హైదరాబాదులో నవ్వితే కోపమొస్తుంది మనకి. శ్రీకాకుళం వాడి మాటకి మనం నవ్వినప్పుడు మాత్రం రాదు. ఆ రోజు మెట్రోలో ఇంటికెళ్తూ హాస్టల్లో మేం ఏడిపించిన ఒక శ్రీకాకుళం కుర్రాడు గుర్తొచ్చాడు.

ఫలితం కాగితం మీద రెండు వాక్యాలు. పాట చాలా బాగుంది. మాటలు మళ్ళీ చూసుకోవాలి. ఫెయిల్.

నెల రోజులు పాట జోలికి పోలేదు. మా ఫ్లాట్ ఎదురింట్లో ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ ఉంటారు. పైకి మదామ్ అంటాను, మనసులో మామ్మగారే. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. కూరలు తెచ్చిపెడుతుంటాను. ఒకరోజు గుర్రాల సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, చిన్నప్పుడు షాత్లే థియేటర్లో చూసిన ఆపరెట్టాల గురించి గంట సేపు మాట్లాడారు. తర్వాత, "ఆదివారం ఆ కాగితం పట్టుకురా" అన్నారు.

ఇంతకంటే మంచి గురువు ప్యారిస్‌లో దొరకడు. ఎందుకంటే ఆవిడకి వినపడదు. నా నోరు చూసి అర్థం చేసుకోవాలి. పెదవులు సరిగ్గా పెట్టకపోతే "క్వా?" అంటారు. అంటే "ఏంటీ?" అని. జుట్టు అన్న మాట దగ్గర మొదటి ఆదివారం క్వా, రెండో ఆదివారం క్వా. నా ఎదురుగా కుర్చీ లాక్కుని, తన చూపుడువేళ్ళతో నా పెదవుల రెండు చివరలనీ దగ్గరికి నొక్కి, "ఇక్కడే ఉంచు, ఇప్పుడు ఏ అను" అన్నారు. అన్నాను. అద్దంలో చూసుకుంటే చేపలా ఉన్నాను. "ఆఁ, అదీ" అన్నారు. ఇంకా, నేను ప్రతి మాటనీ విడివిడిగా నిలబెట్టి పలుకుతున్నానట. వాక్యమంతా ఒక్క ఊపిరిలో జారిపోయి చివర్లో ఆగాలట. ఎనిమిది నెలల ఆదివారాలు, మా పప్పుచారు ఆవిడా, ఆవిడ లీక్ (ఉల్లికాడల్లాంటి కూర) సూప్ నేనూ.

ఈసారి జ్యూరీలో ఆ పెద్దాయన లేడు. ఉంటే బాగుండేది. ఫోరే మామూలుగా పాడాను, నిజం చెప్పాలంటే పోయినేడే బాగా పాడాను. మాటలకి వచ్చేసరికి గొంతు ‘ర’ నెమ్మదిగానే వచ్చింది. జోకుకి నవ్వు వచ్చింది, జోకు ఉన్న చోటే. విషాదపు వాక్యం దగ్గరకొచ్చాను. "ఆమె..." అన్నాక భయమేసింది. ఆగాను. మామ్మగారి వేళ్ళు తలుచుకుని పెదవులు కూడదీసుకున్నాను. రెండు సెకన్లో మూడో. అప్పుడన్నాను, జుట్టు. ఎవరూ నవ్వలేదు. పియానో మొదలైంది.

ఫలితం చెప్పేటప్పుడు జ్యూరీ అధ్యక్షురాలు, "ఆ మాట ముందు మీరు తీసుకున్న మౌనం ఉంది చూడండి, అది నటుడి మౌనం" అన్నారు. నేను వినయంగా తల వంచాను. పెదవులు సర్దుకుంటున్నానని చెప్పడానికి నాకేం పని?

మీకెవరికైనా ఈ పరీక్ష ఉంటే, పాట కంటే ముందు మాటలు నేర్చుకోండి. టీచర్లు వద్దన్నా సరే.

ఇంటికొచ్చి మామ్మగారి తలుపు కొట్టి పాసయ్యానని చెప్పాను. "క్వా?" అన్నారు. గట్టిగా, పెదవులు చూపిస్తూ మళ్ళీ చెప్పాను. ఆవిడ నా బుగ్గ మీద తట్టి, "మరి గుర్రాలు?" అన్నారు. లేవన్నాను. సిబూలెత్ స్కోరు ఇంకా ఆవిడ వంటింటి బల్ల మీదే ఉంది, లైబ్రరీ గడువు దాటి నాలుగు రోజులైంది.