పేస్టల్‌తో కోబీ బ్రయంట్ బొమ్మ: నా అనుభవం

నల్లగొండ స్టేషనరీ షాపుల్లో పేస్టల్స్ (బొమ్మలకు వాడే రంగు కడ్డీలు) అడిగితే చాలావరకు ఆయిల్ పేస్టల్సే చేతిలో పెడతారు. ముఖానికి నేను వాడింది సాఫ్ట్ పేస్టల్స్, అంటే సుద్దలా పొడి రాలేవి. వాటిని, గరుకు పేస్టల్ పేపర్‌ని హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. పేపర్ తెల్లది వద్దు, నడిమి బూడిద రంగుది మేలు. సైజు ఎ3.

ఫొటో ఎంచుకునేటప్పుడే జెర్సీ నంబరు చూసుకోవాలి. 20 సీజన్లూ లేకర్స్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టుకే ఆడిన కోబీ మొదట 8, 2006-07 సీజన్ నుంచి 24 వేసుకున్నాడు. 8 వేసుకున్న తొలి ఏళ్లలో జుట్టు గుబురుగా ఉండేది, 24 నాటికి బాగా పొట్టి క్రాపు. తల ఒక ఫొటోది, జెర్సీ ఇంకో ఫొటోది కలిపితే ఆట చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఫొటో మీద 2 సెం.మీ. గళ్లు, పేపర్ మీద 4 సెం.మీ. గళ్లు గీశాను. మామూలు పెన్సిల్ వాడితే గీత నున్నగా మెరుస్తుంది, దానిమీద పేస్టల్ పట్టదు. చార్‌కోల్ పెన్సిల్‌తో తేలిగ్గా గీస్తే చాలు. పేపర్ కింద నాలుగైదు న్యూస్‌పేపర్లు పరిచి అట్టకు టేప్ వేశాను, అట్టను నిలువుగా పెట్టాను. అప్పుడు పొడి కిందికి రాలిపోతుంది. దాన్ని నోటితో ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్క్ ఉండాలి. ఫ్యాన్ బంద్ చేయాలి. ఎండాకాలం కూలర్ ముందు అసలే కూర్చోవద్దు, ఆ తడిగాలికి పేపర్ అలలు తేలుతుంది.

ముందు బ్యాక్‌గ్రౌండ్ పూర్తిచేశాను. తర్వాత వేస్తే ఆ పొడంతా ముఖం మీద పడుతుంది.

అసలు పని చర్మం దగ్గరే. నల్లటి చర్మం కదా అని నలుపు, కాఫీ రంగు రుద్దితే ముఖం మసిబారినట్టు చచ్చిపోతుంది. నీడల్లో ముదురు ఊదా, ముదురు నీలం వేసి, వాటిమీద బర్ంట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) వేశాను. నడిమి భాగాలకు బర్ంట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), చెంప ఎత్తులకు కొంచెం నారింజ. స్టేడియం లైట్లు పైనుంచి పడతాయి కాబట్టి నుదురు, ముక్కు దూలం, పై పెదవి అంచు, భుజాల మీద వెలుగు చల్లగా, లేత నీలంగా ఉంటుంది. చెమట మెరుపు ఒక్క ఒత్తుతో పెట్టి వదిలేయాలి. వేలితో రుద్దితే అది చెమటలా కాదు, పౌడర్ పూసినట్టు కనిపిస్తుంది. కంటి తెలుపు కూడా తెలుపు కాదు, బూడిద రంగే. పోలిక మాత్రం దవడలో ఉంది: పట్టుదల మీదున్నప్పుడు కోబీ కింది దవడ ముందుకు తోసేవాడు. ఆ నీడ గీత 2 మి.మీ. పైకి జరిగినా మనిషి మారిపోతాడు. రంగుల కంటే ముందు వెలుగునీడలు సరిచూసుకోవడానికి బొమ్మను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో తీసి అసలు ఫొటో పక్కన పెట్టుకున్నాను.

జెర్సీ ఇంకో తలనొప్పి. పసుపు మడతల్లో నలుపు వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది, ఊదా కలిస్తే బురదవుతుంది. మడతలకు ఓకర్ (మట్టి పసుపు), రా సియెన్నా (పసుపు కలిసిన గోధుమ రంగు) వాడాను. ఊదా నంబరు చివర్లో, వేరే స్పాంజి ముక్కతో. అంకెలు కూడా మడతను బట్టి వంగాలి, స్కేలు పెట్టి గీస్తే స్టిక్కర్ అంటించినట్టుంటుంది.

పొరమీద పొర వేస్తూ పోతే ఒకచోట పేస్టల్ జారడం మొదలవుతుంది. పేపర్ గరుకు నిండిపోయిందన్నమాట. అక్కడ గట్టి కుచ్చు బ్రష్‌తో పొడి దులిపి మళ్లీ వేయాలి. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా కొట్టే స్ప్రే) కొడితే లేత రంగులు నల్లబడతాయి, అందుకే మధ్య పొరలకు 30 సెం.మీ. దూరం నుంచి పల్చగా కొట్టి, మెరుపులు ఆ తర్వాత పెట్టాను. బదులుగా హెయిర్‌స్ప్రే వాడతారు కొందరు. అది కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, నాకు నచ్చదు.

ఫ్రేమ్ కట్టేవాళ్లకు ముందే గట్టిగా చెప్పాలి: బొమ్మను గుడ్డతో తుడవొద్దు, అద్దం బొమ్మకు ఆనొద్దు, మధ్యలో 3-4 మి.మీ. సందు ఉండేలా మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) వేయాలి. అద్దం బదులు అక్రిలిక్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, దాని స్టాటిక్‌కు పొడి లేచి అంటుకుంటుంది.