గీత వెంట నడిచే బొమ్మ బండి: నా అనుభవం

పిల్లల చేత బొమ్మ రోబో చేయించడం డబ్బున్నవాళ్ళ సరదా అని మన గుంటూరులో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని చెప్పాలనే ఇది రాస్తున్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న వేసవి సెలవుల్లో తనూ నేనూ కలిసి, నేల మీద అంటించిన నల్ల గీత వెంట తనంతట తానే నడిచే చిన్న బండి తయారుచేశాం. కృత్రిమ మేధ (ఏఐ) గురించి ఎన్నో వీడియోలు చూశాను కానీ, ఈ పనిలో తెలిసివచ్చినంత వాటిలో తెలియలేదు.

రెడీమేడ్ కిట్ల జోలికి పోలేదు. పిల్లలు రోబోలు కట్టుకునేందుకు 1998లో మొదలైన లెగో మైండ్‌స్టార్మ్స్ సెట్లను ఆ కంపెనీ 2022 చివరికల్లా ఆపేసింది. మిగతావి మా బడ్జెట్‌కి అందవు. అందుకని విడిభాగాలు కొన్నాం: ఆర్డుయినో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌ని నడిపే, బండికి మెదడులాంటి చిన్న సర్క్యూట్), మోటార్ డ్రైవర్ (మోటార్లకి చాలినంత కరెంటు అందించే ఇంకో చిన్న బోర్డు), పసుపురంగు గేర్ మోటార్లు రెండు (బీఓ మోటార్లంటే షాపులో ఇస్తారు), చక్రాలు, రెండు ఐఆర్ సెన్సర్లు (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, ఎంత తిరిగొచ్చిందో చూసి నలుపూ తెలుపూ కనిపెట్టేవి), జంపర్ వైర్లు, ఛార్జింగ్ సెల్స్. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. దాని డిజైన్ అందరికీ అందుబాటులో పెట్టారు కాబట్టి ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చు. మనకింత చౌకగా దొరకడానికి కారణం అదే. ఈ చౌక బోర్డులతో ఒక చిక్కు మాత్రం ఉంది. కేబుల్ పెట్టినా లాప్‌టాప్ గుర్తుపట్టకపోవచ్చు. చాలావాటికి లాప్‌టాప్‌లో సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పోర్టు కనిపిస్తుంది. బోర్డు పాడైందేమోనని టెన్షన్ పడక్కర్లేదు.

వైర్లు కలపడం ఒక సాయంత్రం పని. బోర్డు పిన్ను నుంచి వచ్చే కరెంటు మోటారుకి చాలదు, మధ్యలో మోటార్ డ్రైవర్ తప్పనిసరి. మా ఎల్298ఎన్ డ్రైవర్ తన వంతుగా సుమారు రెండు వోల్టులు తినేస్తుంది. అందుకే ఒక్క సెల్‌తో బండి కదలదు, రెండు పెట్టాలి. లిథియం సెల్స్ కాబట్టి పెద్దవాళ్ళు దగ్గరుండాలి, షార్ట్ అయితే ప్రమాదం.

అసలు పాఠాలు బండి నేల మీదికి దిగాక మొదలయ్యాయి. మోటారు వేగం 0 నుంచి 255 దాకా ఇవ్వొచ్చు. రెండిటికీ 150 ఇచ్చి వదిలితే బండి ఎడమకి లాగింది. ఒకే షాపు, ఒకే పెట్టె, అయినా రెండు మోటార్లు ఒకలా తిరగవు. అమ్మాయి ఎడమ మోటారు వేగం కాస్త పెంచి బండిని తిన్నగా నడిపించింది. మర్నాటికి సెల్స్ ఛార్జింగ్ తగ్గి మళ్ళీ లాగడం మొదలెట్టింది. "నేను కరెక్ట్‌గానే రాశా కదమ్మా!" అని తనకి ఏడుపొక్కటే తక్కువ.

తను రాసింది కరెక్టే. బయట ప్రపంచమే నిన్నటిలా లేదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు కంప్యూటర్ క్లాసులో లోగో నేర్పేవారు. స్క్రీన్ మీది తాబేలుకి 'ఎఫ్‌డీ 100, ఆర్‌టీ 90' (వంద అడుగులు ముందుకి, తొంభై డిగ్రీలు కుడికి) అని నాలుగుసార్లు చెబితే ఇంచు కూడా తప్పకుండా చతురస్రం గీసేది. సేమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలొమన్ కలిసి 1967లో ఆ భాష తయారుచేశారు. తర్వాత నేల మీద పాకే నిజం తాబేలు రోబోనీ దానితో నడిపించారు. కంప్యూటర్ పిల్లలకి పాఠం చెప్పడం కాదు, పిల్లలే కంప్యూటర్‌కి పని నేర్పాలి, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ ఆలోచించడం అలవాటు చేసుకోవాలి అన్నది పాపర్ట్ పట్టుదల. మా హాల్లో గచ్చు మీద అది ఎంత నిజమో చూశాను.

మోటార్ల తేడాకి మందు సెన్సర్లే. బండి ఎటు లాగుతుందో ముందే లెక్కకట్టడం మానేసి, క్షణక్షణం చూసుకుంటూ సరిచేసుకునేలా రాశాం. రెండు సెన్సర్లూ గీతకి అటొకటి ఇటొకటి ఉంటాయి. ఎడమ కన్ను నలుపు చూస్తే ఎడమకి, కుడి కన్ను చూస్తే కుడికి, రెండూ తెలుపైతే ముందుకి. అంతే ప్రోగ్రామ్. మెదడు మీద పరిశోధన చేసిన గ్రే వాల్టర్ 1940ల చివర్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చేసిన తాబేలు రోబోలకి కంప్యూటరే లేదు. రెండేసి రేడియో వాల్వులతోనే అవి వెలుతురు వెతుక్కుంటూ, అడ్డొస్తే తప్పుకుంటూ తిరిగేవి. చూసేవాళ్ళకి ప్రాణమున్నవేమో అనిపించేదట. మా బండి వంపు తిరిగిన మొదటిసారి మాకూ అలాగే అనిపించింది.

అయితే హాల్లో ఒక్కచోట, అదీ పొద్దున పూట మాత్రమే, బండి గీత వదిలేసి సోఫా కిందికి పోయేది. సాయంత్రం అదే చోట బుద్ధిగా నడిచేది. అమ్మాయి లాప్‌టాప్ పక్కన పెట్టుకుని సెన్సర్ అంకెలు చూసింది. మా సెన్సర్లు తెలుపు మీద 80 దరిదాపుల్లో, నలుపు మీద 850 దరిదాపుల్లో చూపించేవి (కాంతి ఎక్కువ తిరిగొస్తే అంకె చిన్నది). ఆ మూలకి రాగానే నలుపు మీద కూడా వందా నూట యాభైకి పడిపోతోంది. తలెత్తి చూస్తే తూర్పు కిటికీలోంచి ఎండ సరిగ్గా అక్కడే పడుతోంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుంటాయి. గీత మీంచి కాంతి తిరిగొస్తోందనుకుని సెన్సర్ మోసపోతోంది. ఆ కారణం నేను చెప్పకముందే తను కిటికీ తలుపు వేసి, అంకెలు మళ్ళీ పైకెళ్ళడం చూసి గంతులేసింది. పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి సెన్సర్ల చుట్టూ గొడుగులా అంటించాం.

అట్టతో చాలావరకు కుదిరింది కానీ గదిగదికీ వెలుతురు మారుతుంది. దానికి తనే ఒక ఉపాయం చెప్పింది. ఆన్ చేయగానే బండి గీత మీద అటూ ఇటూ ఊగి, తనకి కనిపించిన అతి పెద్ద అంకె, అతి చిన్న అంకె గుర్తుపెట్టుకోవాలి. వాటి నడిమి అంకె నుంచి నలుపు మొదలైనట్టు. ఒక్కో సెన్సర్‌కి రెండు, మొత్తం నాలుగు అంకెలు. ఇంజనీర్లు దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. మా బండి వంటింట్లోనూ వరండాలోనూ తడబడకుండా నడిచింది.

"అయితే ఇది నేర్చుకున్నట్టేనా? దీనికీ ఏఐ ఉన్నట్టేనా?" అని అడిగింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను చెప్పింది ఇది: అనుభవాన్ని బట్టి తన అంకెలు తానే మార్చుకుంటోంది కాబట్టి అది నేర్చుకోవడమే, కాకపోతే చాలా చిన్న నేర్పు. 2020లో వచ్చిన, మనిషిలా వాక్యాలు రాసే ఏఐ జీపీటీ-3లో అలా సర్దుకునే అంకెలు 17,500 కోట్లు. మా బోర్డు పనిచేసే మెమరీ రెండు కిలోబైట్లు. తేడా కొండంత ఉంది కానీ, లోపల మంత్రమేమీ లేదని తనకి అర్థమైంది. నాకు కావాల్సిందీ అదే.

మా అత్తయ్య పక్కన కూర్చుని పచ్చడి కోసం మిరపకాయల తొడిమలు తీస్తూ ఇదంతా వింటున్నారు. "మీ బండికి ఈ పని నేర్పవే అమ్మాయ్, నా వేళ్ళు మండుతున్నాయి" అన్నారు. ఆవిడ కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం కాయ విరక్కుండా, గింజ రాలకుండా తొడిమ గిల్లి, రంగు వెలిసిన తాలు కాయ తగిలితే వేరే పళ్ళెంలో వేస్తున్నాయి. రంగు చూసి ఏరడం యంత్రానికి కొత్త కాదు. మనం తినే సార్టెక్స్ బియ్యంలో రంగు మారిన గింజల్ని కెమెరా పట్టుకుంటే గాలి ఊది బయటికి నెట్టేస్తారు. ఆ వేళ్ళ పనే కష్టం. రోబోల శాస్త్రవేత్త హాన్స్ మొరావెక్ 1988లోనే ఈ సంగతి రాశాడు: పెద్దవాళ్ళు బుర్ర పెట్టి చేసే పనులు యంత్రానికి సులువు, ఏడాది పిల్లాడు చూసి కదిలే నేర్పు అబ్బడం కష్టమని. 1997లో చదరంగం ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ ఎత్తు చెబితే, పావు కదిపింది పక్కన కూర్చున్న మనిషే. 2016లో గో ఆటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌ని గెలిచిన ఆల్ఫాగో ప్రోగ్రామ్‌కీ రాళ్ళు పెట్టింది మనిషే.

అందుకే ఏఐ భవిష్యత్తు గురించి నా అంచనా ఇలా ఉంది. కూర్చుని మాటలతో, అంకెలతో చేసే పనుల్లో అది వేగంగా ముందుకొస్తుంది, మన పిల్లల చదువులు ఆ సంగతి ఎరిగి మారాలి. చేతులు, కాళ్ళు, ఎండ, దుమ్ము ఉన్నచోట నెమ్మదిగా వస్తుంది. మార్కెట్‌కి వచ్చే మిర్చిని రంగుని బట్టి ఏరే యంత్రాన్ని నేను తొందరలోనే నమ్ముతాను, అత్తయ్యలా తొడిమ తీసే చేతిని ఇప్పట్లో నమ్మను. జవాబులు చెప్పే యాప్ పిల్లల చేతికిచ్చే ముందు, ఎండ తగిలితే దారి తప్పే ఇలాంటి బండి ఒకటి ఇవ్వమంటాను. యంత్రం దేన్ని చూసి ఏమనుకుంటుందో అడగడం అక్కడే అలవాటవుతుంది.

అత్తయ్య మాట మా అమ్మాయి వదల్లేదు. రంగు సెన్సర్ ఒకటి తెప్పించుకుంది. ఎర్ర కాయకీ తాలు కాయకీ అంకెల్లో తేడా బాగానే వస్తోంది, కాయని సెన్సర్‌కి దగ్గరగా పెట్టి పైన మూత వేస్తే. కాయలు ఒక్కొక్కటిగా దొర్లి సెన్సర్ కిందికి వచ్చేలా అట్టతో జారుడుబల్ల కట్టడం ఇప్పుడు నడుస్తోంది. వంకర కాయలు మధ్యలో ఇరుక్కుంటున్నాయి. వాలు ఇంకాస్త పెంచాలంటోంది తను, బల్ల వెడల్పు చేయాలంటున్నాను నేను.