వాగు గట్టున సర్కారు తుమ్మ పీకిన కథ: నా అనుభవం

మొక్కలు నాటడం ఎవరికైనా వస్తుంది. అంతకుముందే అక్కడ పాతుకుపోయిన సర్కారు తుమ్మే (బయటి దేశం నుంచి వచ్చిన ముళ్ల చెట్టు) మా గుంపు మొత్తాన్నీ ఏడిపించింది. ఖమ్మం వైపు మున్నేరు నదిలో కలిసే చిన్న వాగు మాది; దాని గట్టున తుమ్మ తీసేసి మన చెట్లు నాటాలని దిగాం. చేతుల్లో ముళ్లు పూర్తిగా ఊడకముందే రాస్తున్నా.

ముందు అనుమతి. రెవెన్యూ వాళ్లు ఇరిగేషన్ అంటారు, ఇరిగేషన్ వాళ్లు పంచాయతీ అంటారు. నోటిమాటతో వెళ్తే చెప్పులరగడమే. గ్రామ నక్షాలో వాగు సర్వే నంబరు చూపించి, పంచాయతీ తీర్మానం జతచేసి, దరఖాస్తు ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. చెట్టు కొట్టే విషయం 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కిందికి వస్తుంది కాబట్టి ఏవి తీస్తారో, ఏవి ఉంచుతారో కూడా అందులోనే రాయండి.

ఇక తుమ్మ. బొగ్గు బట్టీ వాళ్లు ఊరికే కొట్టుకుపోతామంటే ఊళ్లో అందరూ సంబరపడ్డారు. వాళ్లకు కావలసింది కట్టె. నేల మీద జానెడు మొద్దు వదిలేసి పోయారు. ఒక్క వాన పడగానే ఒక్కో మొద్దుకి పది పన్నెండు పిలకలు లేచి, ముందున్న దానికంటే దట్టమైన పొద తయారైంది. ఉచితంగా చేస్తామన్నవాడి చేతికి గొడ్డలి ఇవ్వొద్దు.

దీని కీలకం నేల కింద ఉంది. కాండం, వేరు కలిసే గడ్డలో చిగురు మొగ్గలుంటాయి. ఆ గడ్డ మిగిలితే చెట్టు మిగిలినట్టే. 30 సెంటీమీటర్ల లోతున నరకమని చెప్తారు. మామూలు చేలో ఆ లెక్క సరిపోతుంది, వాగు గట్టున సరిపోదు. వరద తెచ్చిన ఇసుక, ఒండ్రు కాండం చుట్టూ పేరుకుని అసలు గడ్డని లోపలికి దించేస్తాయి. పైనుంచి కొలిచి నరికితే కాండాన్నే ఇంకోచోట నరికినట్టు. పారతో ఇసుక లాగేసి, బకెట్ నీళ్లు పోసి కడిగితే ముదురు కాండపు బెరడు ఆగి పక్కవేళ్లు చీలే చోటు కనబడుతుంది. కొలత అక్కడినుంచి మొదలుపెట్టి, దాని కింద జానెడు లోతున నరకాలి. కడగకుండా వేస్తే ఇసుకకి గొడ్డలి పదును నాలుగు దెబ్బలకే పోతుంది.

నిటారుగా ఉన్న వాలు మీద మాత్రం తవ్వొద్దు, జేసీబీని అసలు దించొద్దు. వేరుతోపాటు గట్టు ముక్కే ఊడొస్తుంది, తర్వాతి వరద అక్కడినుంచే కోస్తుంది. అక్కడ నేలమట్టానికి నరికి, పిలక బెత్తెడు అయినప్పుడల్లా చేత్తో విరిచేయాలి. విసుగు పని, వేరే దారి లేదు. మొద్దు మీద డీజిల్ పొయ్యమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఆ వాగు నీళ్లు తాగి చూపించాలి.

కొట్టడం కాయలు పండకముందే అయిపోవాలి. పండిన కాయ మేక తింటే గింజ పెంటికలో పడి చక్కగా మొలుస్తుంది. మందమైన అడుగు ఉన్న బూట్లు వేసుకోండి, హవాయి చెప్పుల్లోంచి ముల్లు నేరుగా దిగుతుంది.

నాటడం తొలకరి తర్వాత నేల బాగా తడిశాక. నీటి అంచున రెల్లు దుబ్బులు, వావిలి. బొటనవేలు లావు వావిలి కొమ్మని మూరెడు కోసి, మూడింట రెండొంతులు భూమిలోకి దించితే చాలు. మేకలు దాన్ని పెద్దగా ముట్టవు. వాలు కోసుకుపోయే చోట అడ్డంగా వట్టివేరు వరస, పిలకకీ పిలకకీ 10–15 సెంటీమీటర్లు. నడిమిట్ట మీద ఏరుమద్ది, కానుగ. పైన నేరేడు, మేడి, ఈత. నేరేడు గింజ నిలవుంటే మొలవదు, పండు తిన్న వారంలోనే పాతాలి. నర్సరీ సంచిలో పెంచిన మొక్క అడుగున చుట్టుకున్న వేళ్లని బ్లేడుతో కోసి నాటకపోతే రెండేళ్లకి గాలికి ఒరుగుతుంది.

ఒక నర్సరీ వాళ్లు ట్రాలీ నిండా కోనోకార్పస్ (రోడ్ల పక్కన అందానికి పెంచే బయటి దేశపు చెట్టు) పంపించారు, లెక్క చూపించుకోవడానికి. తిప్పి పంపాం. మొహం మాడ్చుకున్నారు, మాడ్చుకోనీ.

మొక్కలకి కంచెగా కొట్టిన తుమ్మ కంపనే వాడండి, కాయల్లేని కంప. మొదటి ఎండాకాలం వారానికో బిందె నీళ్లు తప్పవు. వరద తగ్గిన మర్నాడే వెళ్లి ఒరిగినవాటిని నిలబెట్టి, కొమ్మలకి చిక్కుకున్న ప్లాస్టిక్ తీసేయండి. అది ఉంటే తర్వాతి వరదకి మొక్క వేళ్లతో సహా పోతుంది.